అంబాసిడర్‌కి ఎలక్ట్రిక్ పంపు పెడితే పాత మెకానికల్ పంపు ఉంచాలా, తీసేయాలా?

పాలకొల్లు మార్క్ టూ (పాలకొల్లు)

అందరికీ నమస్కారమండి. మా నాన్నగారి అంబాసిడర్ 1971 మోడల్, మార్క్ 2. పెట్రోలు బండి, 1489 సీసీ, ఎస్‌యూ కార్బొరేటర్ (పెట్రోలు, గాలి కలిపి ఇంజన్‌కి ఇచ్చేది). ఇంజన్ పని ఆ మధ్యే చేయించాం, కంప్రెషన్ బాగుంది. గొడవంతా పెట్రోలు సప్లై దగ్గరే.

ఇబ్బందులు రెండు. కొన్నాళ్లు షెడ్డులో ఉంచి తీస్తే సెల్ఫ్ మీద సెల్ఫ్ కొట్టాలి. బ్యాటరీ నీరసపడేదాకా కార్బొరేటర్‌కి పెట్రోలు అందదు. రెండోది ఎండాకాలం సమస్య. సిద్ధాంతం వంతెన మీదో, రావులపాలెం సెంటర్లోనో ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఇంజన్ దగ్గి దగ్గి ఆగిపోతుంది. బానెట్ ఎత్తి, పంపు మీద తడిగుడ్డ వేసి కాసేపు ఆగితే మళ్లీ మామూలే.

భీమవరంలో ఒక మెకానిక్ డిక్కీ కింద టాంకీ పక్కన ఎలక్ట్రిక్ పంపు పెడతానంటున్నాడు. ఇంజన్ మీదున్న పాత పంపుని కదపడట. ఒకే లైన్లో ఒకదాని వెనక ఒకటి, రెండూ పనిచేస్తాయట. రాజమండ్రిలో ఒక పెద్దాయనకి చూపిస్తే "రెండు పంపులు పెడితే కొంప మునుగుతుంది, ఏదో ఒకటే ఉంచు" అన్నాడు. ఎందుకని అడిగితే చెప్పలేదు, టీ తాగమన్నాడు. నేనైతే పంపు కొని ఇంట్లో పెట్టుకున్నాను. ఏం చేయమంటారు?

గౌతమి గట్టు (యానాం)

రెండూ ఉంచండి. నా మార్క్ 3 ఏళ్ల తరబడి అలాగే నడుస్తోంది.

ముందు మీ బండికి ఎండలో ఏమవుతోందో చూడండి. పాత పంపు ఇంజన్ బ్లాకుకే బిగించి ఉంటుంది, టాంకీ బండి వెనక చివర. అంత దూరం నుంచి పెట్రోలుని పీల్చుకోవాలి. పీల్చే లైన్లో ఒత్తిడి బయటి గాలి కంటే తక్కువ ఉంటుంది. ఒత్తిడి తగ్గినచోట పెట్రోలు తక్కువ వేడికే ఆవిరైపోతుంది. మే నెలలో కింద తారు సెగ, ముందు ఇంజన్ సెగ. లైన్లో బుడగలు కట్టేస్తాయి. పంపు ద్రవాన్ని లాగగలదు కానీ బుడగని లాగలేదు, దాన్ని నొక్కుతుంది, వదులుతుంది, అంతే. మన వాళ్లు ఎయిర్ లాక్ అనేది దీన్నే.

టాంకీ పక్కన ఎలక్ట్రిక్ పంపు ఉంటే పీల్చే దూరం జానెడు. అక్కడి నుంచి ముందుకి లైనంతా తోపుడు మీదే ఉంటుంది కాబట్టి బుడగ కట్టడం కష్టం. పొద్దున్నే తాళం తిప్పి టకటకమని చప్పుడు ఆగేదాకా ఉంటే ఫ్లోట్ చాంబర్, అంటే కార్బొరేటర్లో పెట్రోలు నిలిచే గిన్నె, నిండుతుంది, ఒక్క సెల్ఫ్‌కి స్టార్టవుతుంది. దారిలో ఒక పంపు చస్తే రెండోది ఇంటికి చేరుస్తుంది. ఇందులో కొంప మునగడానికేముందో ఆ పెద్దాయన్నే అడగాలి.

మేస్త్రీగారబ్బాయి (తణుకు)

ఆ పెద్దాయన చెప్పనిది నేను చెబుతాను. గట్టు గారు ఏమీ అనుకోకండి.

మెకానికల్ పంపు విప్పి చూసినవాళ్లకి తెలుసు. ఇంజన్‌తో పాటు తిరిగే కామ్‌షాఫ్ట్ మీద గుబ్బ పంపులోని ఒక చేతిని ఊపుతుంది. ఆ చేయి డయాఫ్రాన్ని కిందికి లాగుతుంది, అప్పుడు పెట్రోలు లోపలికొస్తుంది. కింద ఉన్న స్ప్రింగు డయాఫ్రాన్ని పైకి నెడుతుంది, అప్పుడు పెట్రోలు కార్బొరేటర్‌కి పోతుంది. డయాఫ్రానికి పైన పెట్రోలు, కింద ఇంజన్ ఆయిలు తిరిగే చోటు. మధ్యలో ఉన్నది పల్చటి రబ్బరు గుడ్డ ఒక్కటే.

అది చిరిగిందనుకోండి. మెకానికల్ పంపు ఒక్కటే ఉంటే ఆయిల్లోకి కొంత పెట్రోలు దిగినా, పంపుకి లాగే బలం పోతుంది. బండి మొరాయిస్తుంది, మీరు బానెట్ ఎత్తుతారు, జబ్బు బయటపడుతుంది. వెనక ఎలక్ట్రిక్ పంపు కూడా తోస్తుంటే? కార్బొరేటర్‌కీ పెట్రోలు పోతుంది, చిరుగులోంచి ఆయిల్ చాంబర్‌లోకీ పోతుంది. బండి హాయిగా నడుస్తూనే ఉంటుంది. లోపల ఆయిలు నీళ్లయిపోతుంది, బేరింగులు అరిగిపోతాయి, క్రాంక్ కేసు నిండా పెట్రోలు ఆవిరి.

మా షెడ్డుకి అలాంటి బండి ఒకటి వచ్చింది. డిప్‌స్టిక్ తీస్తే ఆయిలు పై గీత దాటి బొటనవేలంత ఎత్తు ఉంది. ఓనరేమో "నా బండి చుక్క ఆయిలు తాగదండి" అని సంబరం. వేళ్ల మధ్య రాస్తే జిగురే లేదు, ముక్కు దగ్గర పెడితే బంకు వాసన. చాంబర్ నట్టు విప్పగానే ఆయిలు తీగలా సాగకుండా దడదడా కారిపోయింది. బిగ్ ఎండ్ బేరింగుల మీద వెండిపూత పోయి రాగి రంగు కనబడుతోంది.

రెండు పంపులు పెడితే రెండోది మొదటిదాని రోగాన్ని దాచిపెడుతుంది. నా అభ్యంతరం అదే.

ఒరిజినల్ మాత్రమే (రాజమండ్రి)

ఎలక్ట్రిక్ పంపే వద్దు. అంబాసిడర్లు ముప్పై ఏళ్లు ఆ ఒక్క పంపుతో విజయవాడ, విశాఖపట్నం తిరగలేదా?

పొద్దున్న స్టార్టింగ్‌కి పంపుకి చేత్తో కొట్టే లివర్ ఇచ్చాడు కంపెనీవాడు. బానెట్ ఎత్తి కాసేపు కొడితే ఫ్లోట్ చాంబర్ నిండుతుంది. లివర్ బిగువు లేకుండా వదులుగా ఉంటే కామ్ గుబ్బ పైకి ఉన్నట్టు. సెల్ఫ్ ఒకసారి తట్టి ఇంజన్ కొంచెం తిప్పి మళ్లీ కొట్టాలి. ఈ సంగతి తెలియక చాలామంది లివర్ పాడైందనుకుంటారు. ఎండ సంగతికొస్తే పంపుకీ బ్లాకుకీ మధ్య వేడి ఎక్కని దిమ్మ ఉందో లేదో చూసుకోండి, సైలెన్సర్ వైపు రేకు అడ్డం పెట్టండి.

ఇంకో మాట. ఎస్‌యూకి రెండు, రెండున్నర పీఎస్ఐ ఒత్తిడి చాలు. మెకానికల్ పంపు ఇచ్చేది రెండున్నర, మీ ఎలక్ట్రిక్ పంపు నాలుగు. రెండూ కలిపి ఆరున్నర. కార్బొరేటర్లోకి పెట్రోలు రాకుండా మూసే నీడిల్ నిలబడుతుందా? పెట్రోలంతా మానిఫోల్డ్ మీద పోసుకోవడమే.

పైగా 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల్లో యాభై ఏళ్లు దాటిన బండి అసలు రూపంలోనే ఉండాలని రాశారు. పంపులు గుచ్చి ఆ వింటేజ్ గుర్తింపు పోగొట్టుకోకండి.

డెల్టా పద్మిని (కాకినాడ)

ఆరున్నర కాదండీ మాస్టారూ. ఆ కూడిక చాలామంది చేస్తారు కానీ ఈ పంపు అలా పనిచేయదు.

మెకానికల్ పంపులో ఒత్తిడి ఇచ్చేది చేయి కాదు, డయాఫ్రం కింద స్ప్రింగు. ఆ స్ప్రింగు బలం రెండున్నర పీఎస్ఐకి సరిపడా ఉంటుంది. కార్బొరేటర్ నీడిల్ మూసుకుంటే డయాఫ్రం కిందే ఉండిపోతుంది, చేయి వట్టిగా ఊగుతుంది. ఇప్పుడు వెనక నుంచి నాలుగు పీఎస్ఐతో పెట్రోలు వచ్చిందనుకోండి. స్ప్రింగు ఓడిపోయి డయాఫ్రం కిందికి అణిగి ఉంటుంది, రెండు వాల్వులూ తెరుచుకుని పెట్రోలు నేరుగా పోతుంది. కార్బొరేటర్ దగ్గర కనబడేది నాలుగే. రెండింటిలో ఏది ఎక్కువైతే అది, మొత్తం కాదు. గేజి పెట్టి చూసుకోవచ్చు.

నాలుగు కూడా ఎస్‌యూకి ఎక్కువే, అక్కడ మీతో ఏకీభవిస్తాను. రెగ్యులేటర్ పెట్టి రెండుకి దింపాల్సిందే. ఇంజెక్షన్ కార్ల స్క్రాపు పంపు తెచ్చి పెట్టేవాళ్లని చూశాను. అది మూడు బార్, అంటే నలభై పీఎస్ఐ పైమాట. దాన్ని కార్బొరేటర్ బండికి పెట్టడం ఆత్మహత్యాప్రయత్నం.

వింటేజ్ నిబంధన గురించి. అందులో అభ్యంతరం ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులకి. రెండు బోల్టులతో పెట్టి రెండు బోల్టులతో తీసేసే పంపుని ఇంజన్ మార్పు అనడం నాకు అతిగా అనిపిస్తుంది.

నా పద్ధతి వేరు. నా ప్రీమియర్ పద్మిని కారుకి మెకానికల్ పంపు పూర్తిగా తీసేశాను. ఆ రంధ్రానికి రేకు, గాస్కెట్ వేసి మూసి, వెనక ఎలక్ట్రిక్ పంపు ఒక్కటే ఉంచాను. డయాఫ్రం లేదు కాబట్టి మేస్త్రీగారబ్బాయి చెప్పిన భయం లేదు. పాత పంపు డబ్బాలో పెట్టి డిక్కీలో ఉంచాను, కావాలంటే మళ్లీ బిగించవచ్చు.

రావులపాలెం టాక్సీ (రావులపాలెం)

ఆయ్, పెద్ద పెద్ద మాటలే నడుస్తున్నాయండి ఇక్కడ. నేను అంబాసిడర్ టాక్సీ తోలినవాణ్ని. మాకు గోనెపట్టా ముక్క, నీళ్ల డబ్బా ఉంటే చాలు. మారేడుమిల్లి ఘాట్ ఎక్కేముందు పంపు చుట్టూ తడి గోనె కట్టేవాళ్లం. పైకెళ్లేసరికి ఆరిపోయేది, మళ్లీ తడిపేవాళ్లం.

కాకపోతే ఒరిజినల్ గారు ఒకటి మర్చిపోయారు. అప్పటి పెట్రోలు వేరు, ఇప్పటి పెట్రోలు వేరు.

గౌతమి గట్టు (యానాం)

టాక్సీ బాబాయ్ అసలు విషయం చెప్పారు. 2022కి పెట్రోల్లో ఇథనాల్ పది శాతానికి, 2025కి ఇరవై శాతానికి చేరింది. ఇథనాల్ కలిస్తే ఆవిరయ్యే గుణం పెరుగుతుంది. కొత్త కార్లకి ఇబ్బంది లేదు, వాటికి పంపు టాంకీలోనే ఉంటుంది, లైనంతా గట్టి ఒత్తిడి మీద ఉంటుంది. మన పీల్చుడు పంపులకే చావు. అంబాసిడర్ తయారుచేసినవాడు ఈ పెట్రోలుని కలలో కూడా అనుకోలేదు. కాబట్టి "అప్పుడు నడిచింది కదా" అనేది వాదన కాదు.

మేస్త్రీగారబ్బాయి (తణుకు)

అదే ఇథనాల్ నా వాదనకి బలం. పాత రబ్బరుని అది ఉబ్బిస్తుంది, ఆరాక పెళుసెక్కిస్తుంది. బజార్లో దొరికే డయాఫ్రం కిట్లు కొన్ని ఎప్పటి స్టాకో తెలియదు. అంటే ఈ రోజుల్లో డయాఫ్రం చిరిగే అవకాశం అప్పటికంటే ఎక్కువ. అలాంటి డయాఫ్రం వెనక మోటారు పెట్టి తోయమంటున్నారు మీరు.

మన వైపు ఇంకోటి కూడా ఉంది. ఇథనాల్ నీటిని పీలుస్తుంది. ఉప్పుగాలి, తేమ. సగం టాంకీతో నెలలు షెడ్డులో పడుంటే నీళ్లూ ఇథనాలూ కలిసి అడుక్కి దిగుతాయి. అడుగునుంచి లాగేది పంపే కాబట్టి ముందు దానికే తగులుతుంది. బండి ఆపి పెట్టేవాళ్లు టాంకీ నిండుగా ఉంచితే మేలు.

డెల్టా పద్మిని (కాకినాడ)

గట్టు గారూ, మీ బండికి యాక్సిడెంట్ అయితే ఎలక్ట్రిక్ పంపు ఎలా ఆగుతుంది?

గౌతమి గట్టు (యానాం)

తాళం తీస్తే ఆగుతుంది మేడమ్.

డెల్టా పద్మిని (కాకినాడ)

తాళం తీసే స్థితిలో మీరుంటే. మెకానికల్ పంపుకి పుట్టుకతో వచ్చిన గుణం అది, ఇంజన్ ఆగితే పంపు ఆగుతుంది. ఎలక్ట్రిక్ పంపుకి ఆ బుద్ధి మనం నేర్పాలి. బండి బోల్తాపడి లైను తెగినా అది టకటకా తోస్తూనే ఉంటుంది.

ఎలక్ట్రిక్ పంపు ఎవరు పెట్టినా, ఒకటైనా రెండైనా, ఇవి లేకుండా పెట్టకూడదంటాను. పాత ఫోర్డ్ కార్లలో ఇనర్షియా స్విచ్ ఉండేది, గుద్దుకున్న కుదుపుకి కరెంటు కట్ చేస్తుంది. స్క్రాపులో వెతికితే దొరుకుతుంది, నిలువుగా గట్టి చోట బిగించాలి. రెండోది ఆయిల్ ప్రెషర్ స్విచ్ ద్వారా వైరింగ్. ఇంజన్‌కి ఆయిల్ ప్రెషర్ ఉంటేనే పంపుకి కరెంటు, సెల్ఫ్ కొట్టేటప్పుడు మాత్రం సెల్ఫ్ మోటారు సోలెనాయిడ్ స్విచ్ నుంచి వేరే వైరు. ఇంజన్ ఆగితే ప్రెషర్ పడిపోతుంది, పంపు దానంతటదే ఆగుతుంది. రిలే, ఫ్యూజు సంగతి వేరే చెప్పక్కర్లేదు.

మనవాళ్లు చేసేదేమిటంటే ఇగ్నిషన్ కాయిల్ నుంచి ఒక వైరు లాగి టేపు చుట్టేయడం.

పాలకొల్లు మార్క్ టూ (పాలకొల్లు)

మీ అందరి మాటలూ చదివాక బండి కిందికి దూరకుండా ఉండలేకపోయాను. చూసింది రాస్తున్నాను.

డిప్‌స్టిక్ ముందు చూశాను. ఆయిలు గీత దగ్గరే ఉంది, వాసన కూడా ఆయిలు వాసనే. పంపు పైన గాజు గిన్నె విప్పాను. అడుగున ఎర్రటి తుప్పు పొడి, రాగుల పిండిలా మెత్తగా. జల్లెడ సగం మూసుకుపోయింది. డయాఫ్రం అంచున, స్క్రూ రంధ్రాల దగ్గర, వంచితే సన్నటి పగుళ్లు కనబడుతున్నాయి. ఇంకా చిరగలేదు.

అసలు విశేషం వెనక ఉంది. టాంకీ నుంచి వచ్చే గొట్టానికీ ఇనప లైనుకీ మధ్య మూరెడు రబ్బరు పైపు ఉంది. పైకి పొడిగానే ఉంది, చుక్క కారడం లేదు. చేత్తో వంచితే మాత్రం ఎండిన చెరువు మట్టిలా బీటలు. దీనివల్ల ఏమైనా అవుతుందా?

మేస్త్రీగారబ్బాయి (తణుకు)

అవుతుందా ఏమిటి తమ్ముడూ, నీ జబ్బులో సగం అదే! ఆ పైపు పీల్చుడు వైపు ఉంది. బీటల్లోంచి పెట్రోలు బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. పంపు పెట్రోలు బదులు గాలి తాగుతోంది. రాత్రి బండి ఆపాక ఆ గాలి వల్లే లైన్లో పెట్రోలు వెనక్కి టాంకీలోకి జారిపోతుంది. పొద్దున్న సెల్ఫ్ మీద సెల్ఫ్ అందుకే. ఎండలో కూడా అప్పటికే నీరసంగా ఉన్న పంపు కాబట్టి ముందే చేతులెత్తేస్తోంది.

ఇప్పుడు భీమవరం మెకానిక్ చెప్పినట్టు ఆ పైపుకి ముందు, అంటే టాంకీ వైపు, ఎలక్ట్రిక్ పంపు పెట్టి ఉంటే ఏమయ్యేదో ఆలోచించు. గాలి పీల్చే బీటలే పెట్రోలు చిమ్మే బీటలయ్యేవి. సైలెన్సర్ పైపు ఎంత దూరంలో ఉందో నువ్వే చూశావు.

పీల్చే లైనుని తోసే లైనుగా మార్చేటప్పుడు టాంకీ నుంచి కార్బొరేటర్ దాకా ప్రతి రబ్బరు ముక్కా మార్చాలి. ఈ మాట పంపు అమ్మేవాడు చెప్పడు. ఇథనాల్‌కి తట్టుకునే పైపు అడుగు, మామూలు నీళ్ల పైపు లాంటిది ఇస్తే తీసుకోకు.

గౌతమి గట్టు (యానాం)

ఇది ఒప్పుకుంటాను. నేను పంపు పెట్టినప్పుడు పైపులన్నీ కొత్తవే వేశాను కాబట్టి ఆ ఇబ్బంది రాలేదు. అయినా నా మాట మీదే ఉన్నాను. పైపు మార్చినంత మాత్రాన మే నెల ట్రాఫిక్‌లో ఎయిర్ లాక్ పోతుందని మీరు రాసివ్వగలరా?

మేస్త్రీగారబ్బాయి (తణుకు)

రాసివ్వలేను. దానికి ఎలక్ట్రిక్ పంపు కంటే మంచి మందు ఉంది, రిటర్న్ లైను.

కార్బొరేటర్ మారుతి 800 పంపు ఎప్పుడైనా చూశారా? దానికి మూడు ముక్కులుంటాయి. ఒకటి టాంకీ నుంచి, ఒకటి కార్బొరేటర్‌కి, మూడోది మళ్లీ టాంకీకి. అంబాసిడర్‌లో పెట్రోలు వన్‌వే. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఇంజన్ తాగేది చాలా తక్కువ, పంపులో ఉన్న పెట్రోలు అక్కడే కూర్చుని మరుగుతుంది. అరవై స్పీడులో, లీటరుకి పది కిలోమీటర్లు అనుకున్నా గంటకి ఆరు లీటర్లు, నిమిషానికి వంద మిల్లీలీటర్లే. ఐడిల్‌లో అందులో నాలుగో వంతు కూడా ఉండదేమో. రిటర్న్ లైను ఉంటే పెట్రోలు ఎప్పుడూ తిరుగుతూ ఉంటుంది. వేడి ఎక్కేలోపు వెనక్కి పోతుంది, బుడగలొచ్చినా టాంకీకి పోతాయి.

కార్బొరేటర్‌కి ముందు మూడు ముక్కుల ఫిల్టర్ పెట్టి, మూడోదాన్ని సన్నటి రంధ్రంతో టాంకీకి కలిపితే అంబాసిడర్‌కీ అదే ఫలితం. రంధ్రం పెద్దదైతే కార్బొరేటర్‌కి ఏమీ మిగలదు, అది జాగ్రత్త. కరెంటు అక్కర్లేదు, స్విచ్ అక్కర్లేదు.

ఒరిజినల్ మాత్రమే (రాజమండ్రి)

రిటర్న్ లైనుకి నాకు అభ్యంతరం లేదు. కంపెనీవాడు ఆలోచించి ఉంటే అదే చేసేవాడు.

రావులపాలెం టాక్సీ (రావులపాలెం)

కంపెనీవాడు 2014 దాకా బండి చేశాడండి. ఆలోచించడానికి టైము సరిపోలేదేమో.

పాలకొల్లు మార్క్ టూ (పాలకొల్లు)

టాక్సీ బాబాయ్ 🙂

పైపు, డయాఫ్రం కిట్, రిటర్న్ లైను ఈ మూడూ చేయిస్తాను. అది ఖాయం. మరి కొన్న ఎలక్ట్రిక్ పంపు సంగతి? నెలల తరబడి బండి తీయను. ఫ్లోట్ చాంబర్లో పెట్రోలు ఎలాగూ ఆవిరైపోతుంది, పైపు కొత్తదైనా సరే. నాన్నగారికి డెబ్బై దాటాయి, బానెట్ ఎత్తి లివర్ కొట్టమని ఆయనకి చెప్పలేను. పంపుని వెనక పెట్టి, నొక్కి పట్టుకుంటేనే పనిచేసే బటన్ ఒకటి ఇస్తే? వేలు తీయగానే ఆగిపోతుంది. దారిలో నడిచేదంతా పాత పంపు మీదే.

మేస్త్రీగారబ్బాయి (తణుకు)

బటన్ అయితే నాకు సమ్మతమే. ఎలక్ట్రిక్ పంపు నడిచేది కొన్ని సెకన్లు, అదీ మనిషి కూర్చుని చూస్తుండగా. డయాఫ్రం చిరిగితే బండి దారిలో మొరాయిస్తుంది, జబ్బు దాగదు. యాక్సిడెంట్ భయమూ లేదు. కానీ బటన్ అంటే బటనే ఉండాలి, వేస్తే అలాగే ఉండిపోయే లైటు స్విచ్ కాదు. మొదటి వేసవిలోనే "ఒక్కసారికేముందిలే" అని స్విచ్ వేసి వదిలేస్తారు మనవాళ్లు.

డెల్టా పద్మిని (కాకినాడ)

బటన్‌లో ఉన్న చిక్కు మీరిద్దరూ చూడటం లేదు. కరెంటు లేనప్పుడు ఆ ఎలక్ట్రిక్ పంపు పీల్చుడు లైన్లో అడ్డం కూర్చుని ఉంటుంది. పాత పంపు దాని లోపలి వాల్వుల గుండా, దాని ముందున్న ఫిల్టర్ గుండా పీల్చుకోవాలి. పీల్చడం ఎంత కష్టమైతే ఒత్తిడి అంత పడిపోతుంది, బుడగలు అంత త్వరగా కడతాయి. ఎయిర్ లాక్ తగ్గించడానికి కొన్న పంపు ఆఫ్‌లో ఉన్నంతసేపూ ఎయిర్ లాక్ పెంచుతుంది! టకటకా కొట్టుకునే సోలెనాయిడ్ రకం పంపు కనీసం పెట్రోలుని పోనిస్తుంది. మోటారు తిరిగే వేన్ రకమైతే, లోపల బైపాస్ లేకపోతే, దాదాపు అడ్డుగోడే.

చేయాలనే అనుకుంటే పంపు పక్కనుంచి ఒక బైపాస్ పైపు వేసి, అందులో వన్‌వే వాల్వు పెట్టాలి. బటన్ నొక్కితే పంపు తోస్తుంది, వాల్వు మూసుకుని పెట్రోలు వెనక్కి తిరగదు. వదిలితే పాత పంపు బైపాస్‌లోంచి హాయిగా పీల్చుకుంటుంది. కానీ లెక్క చూడండి. రెండు టీ ఆకారపు జాయింట్లు, ఒక వాల్వు, ఎనిమిది క్లిప్పులు, అన్నీ బండి కింద బురదలో. ప్రతి జాయింటూ రేపటి లీకు. ఇంత చేసే బదులు పాత పంపు తీసేసి ఒక్క ఎలక్ట్రిక్ పంపు సరైన వైరింగ్‌తో పెట్టుకోవడమే నయం అని నేను ఇప్పటికీ అంటాను.

గౌతమి గట్టు (యానాం)

అప్పుడు దారిలో ఆ ఒక్క పంపు చస్తే? అర్ధరాత్రి చించినాడ వంతెన మీద డిక్కీలో డబ్బా తెరిచి పాత పంపు బిగిస్తారా మేడమ్?

డెల్టా పద్మిని (కాకినాడ)

పంపు మీద తట్టి చూస్తాను. అప్పటికీ కదలకపోతే ఎర్త్ వైరు గీకి చూస్తాను. మన ఉప్పుగాలికి పంపు కంటే ముందు పోయేది ఎర్తే.

పాలకొల్లు మార్క్ టూ (పాలకొల్లు)

బైపాస్‌తో బటన్ వైపే మొగ్గుతున్నాను. నేను కొన్నది చిన్న పెట్టె లాంటి సోలెనాయిడ్ రకం, వేన్ కాదు. మూడున్నర పీఎస్ఐ అని రాసి ఉంది. రెగ్యులేటర్ ఎక్కడ పెట్టాలి? ఫ్యూజు ఎంతది వేయాలి?

మేస్త్రీగారబ్బాయి (తణుకు)

రెగ్యులేటర్ ఎలక్ట్రిక్ పంపు బయటికొచ్చే చోట, బైపాస్ కలిసే టీ జాయింట్‌కి ముందే. రెండుకి దింపు. అప్పుడు డయాఫ్రం మీద కూడా దాని సొంత స్ప్రింగు బలం కంటే ఎక్కువ పడదు. పంపుకి ముందు వైరు జల్లెడ ఫిల్టర్ చాలు. కాగితం ఫిల్టర్ అక్కడ పెట్టకు, పీల్చుడికి అడ్డం, దాన్ని కార్బొరేటర్ వైపు పెట్టుకో. పంపు టాంకీ కంటే కిందుగా, సైలెన్సర్‌కి ఎదురు వైపు, రబ్బరు వాషర్ల మీద. బాణం గుర్తు ముందుకి ఉండాలి.

ఫ్యూజు ఐదు ఆంపియర్లు. ఇలాంటి పంపు లాగేది ఒకటి, రెండు ఆంపియర్లే, డైనమో బండికి కూడా భారం కాదు.

వైరు కలిపేముందు ఒకటి చూసి చెప్పు. బ్యాటరీలో ఏ కొస బాడీకి బిగించి ఉంది?

పాలకొల్లు మార్క్ టూ (పాలకొల్లు)

ఇప్పుడే చూశానండి. ప్లస్ బాడీకి ఉంది. మైనస్ నుంచి సెల్ఫ్‌కి లావు కేబులు.

మేస్త్రీగారబ్బాయి (తణుకు)

అయితే భీమవరం మెకానిక్‌ని వైరు ముట్టుకోనివ్వకు. నీది పాజిటివ్ ఎర్త్ బండి. ఆ కాలపు బండ్లు చాలా అలాగే వచ్చాయి, తర్వాత కొందరు మార్పించుకున్నారు. ఈ పంపుల్లో లోపల చిన్న ఎలక్ట్రానిక్ సర్క్యూట్ ఉంటుంది, ప్లస్ మైనస్ తిరగేస్తే కాలిపోతుంది. అలవాటు కొద్దీ నల్ల వైరు బాడీకి, ఎర్ర వైరు బటన్‌కి ఇస్తే మొదటి నొక్కుడికే సరి.

పంపుకి రెండు వైర్లూ విడిగా బయటికొచ్చి ఉంటే ఇబ్బంది లేదు. ఎర్రది బాడీకి, నల్లది బటన్ ద్వారా బ్యాటరీ మైనస్ వైపుకి. ఒకటే వైరు ఉండి పంపు పెట్టె నుంచే ఎర్త్ తీసుకునే రకమైతే, పెట్టెని బాడీకి తగలకుండా వేరుచేసి బిగించాలి. అది బండి కింద నిలబడదు, నాలుగు వానలకి ఎక్కడో తగులుతుంది. ఆ రకమైతే డబ్బా చింపకుండా షాపుకి తిరిగిచ్చి రెండు వైర్ల పంపు తెచ్చుకో.

డెల్టా పద్మిని (కాకినాడ)

లేదా బండినే నెగటివ్ ఎర్త్‌కి మార్పించుకోవచ్చు. డైనమోని మళ్లీ పోలరైజ్ చేయాలి (దాని ప్లస్ మైనస్ తిరగేయాలి), కాయిల్ వైర్లు తిప్పాలి, ఆంపియర్ మీటరు వైర్లు తిప్పాలి. రేడియో ఉంటే దాని సంగతి ముందే చూసుకోవాలి. అది ఇంకో చర్చ, ఒరిజినల్ మాస్టారు ఊరుకోరు.

ఒరిజినల్ మాత్రమే (రాజమండ్రి)

ఊరుకోను.

పాలకొల్లు మార్క్ టూ (పాలకొల్లు)

రెండు వైర్లే ఉన్నాయండి, ఎరుపు, నలుపు. పైపులు, కిట్ ముందు వేయించి ఒకసారి రాజమండ్రి దాకా తోలి చూస్తాను. పంపు ఆ తర్వాతే.